రేకుల గదిలో కాలిపోతున్న పాత ల్యాప్‌టాప్: మదర్‌బోర్డు పోయిందనుకునే ముందు

చెల్లెమ్మా, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా తెలుస్తుంది. నాగర్‌కర్నూల్‌లో రేకుల గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నావు. అన్న వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, నాలుగో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే హార్డ్ డిస్క్. వీడియో క్లాసు పెట్టిన అరగంటకు ఫ్యాన్ గట్టిగా మోగుతుంది, కీబోర్డు ఎడమ పక్కన చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తర్వాత ఉన్నట్టుండి ఆరిపోతుంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు వీక్ అయింది, చిప్పును వేడిచేసి మళ్లీ కూర్చోబెట్టాలి, లేదంటే కొత్తది కొనుక్కో అన్నారు. కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోతుందా అన్నది నీ ప్రశ్న.

నేను నల్లగొండలో చాలా ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ఇప్పుడే మదర్‌బోర్డుకూ పైసలు పెట్టకు, కూలింగ్ ప్యాడ్‌కూ పెట్టకు. వేడికి ఆరిపోయే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి చిప్పు బాగానే ఉంటుంది, చిప్పు దగ్గర పుట్టిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ దారి ఎక్కడ మూసుకుపోయిందో ఇంట్లో కూర్చుని సగం నువ్వే తేల్చుకోవచ్చు. అది తేలకుండా ఏది కొన్నా దండగే.

దారి అంటే ఇది. ప్రాసెసర్ చిప్పు మీద, దాని వేడిని రాగికి అందించే థర్మల్ పేస్ట్ సన్నగా రాసి ఉంటుంది. దాని మీద రాగి పలక, ఆ పలకకు అతికించిన చదునైన రాగి గొట్టం. ఆ గొట్టం బోలుగా ఉండి లోపల కొద్దిపాటి ద్రవం ఉంటుంది. చిప్పు వేడికి అది ఆవిరై గొట్టం రెండో కొసకు పోతుంది, అక్కడ వేడి వదిలి మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది. ఆ రెండో కొసన సన్నటి రేకు పలకలు ఒత్తుగా ఉంటాయి, వాటినే ఫిన్స్ అంటారు. ఫ్యాన్ కింద నుంచి గాలి పీల్చి ఆ పలకల మధ్య నుంచి పక్కకు ఊదుతుంది. చిప్పు, పేస్ట్, రాగి, పలకలు, గాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి చెడిపోయినా మిగతావన్నీ బాగున్నా లాభం లేదు.

ఆరిపోవడం గురించి భయపడకు. నీ తరం ఐ5 ల్యాప్‌టాప్ చిప్పులకు కంపెనీ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. ఆ దగ్గరికి వస్తుంటే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వీడియో ఆగి ఆగి నడవడం, మౌస్ కదలకపోవడం అప్పుడే మొదలవుతాయి. వేగం తగ్గించినా వేడి ఆగకపోతే కరెంటు కట్ చేసుకుంటుంది. అంటే నీ మిషన్ తనను తాను కాపాడుకుంటోంది. అలాగని రోజూ అదే పనిగా ఆరిపోనివ్వొద్దు. పని మధ్యలో కరెంటు పోవడం హార్డ్ డిస్క్‌కు మంచిది కాదు, అది పోతే నీ నోట్సులు కూడా పోతాయి. ఇవాళే ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకో.

మన దిక్కు ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలామటుకు తమ కాగితాల్లో చుట్టుపక్కల గాలి 35 డిగ్రీల లోపు ఉండాలని రాస్తాయి. పాలమూరులో, నల్లగొండలో మే నెలలో బయట 43, 44 మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. రేకుల కింద మధ్యాహ్నం పూట గదిలో గాలి బయటికంటే వేడిగా ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే ఊదుతుంది కాబట్టి గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. పొద్దున గది 28 ఉన్నప్పుడు చిప్పు 80 దగ్గర నిలబడితే, అదే క్లాసు మధ్యాహ్నం 42 డిగ్రీల గదిలో పెడితే 94కు పోతుంది. డిసెంబరులో బాగా నడిచిన మిషన్ ఏప్రిల్‌లో ఆరిపోయేది ఇందుకే. దుమ్ము అప్పుడూ ఉంది, కాకపోతే చలికాలం దాన్ని దాచింది.

ఇక పరీక్ష. చిప్పు ఎన్ని డిగ్రీల వేడిలో ఉందో అంకెలో చూపించే కోర్ టెంప్ అనో, హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనో ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, తయారుచేసిన వాళ్ల సొంత వెబ్‌సైటు నుంచే దించుకో. పొద్దున లేవగానే, గది చల్లగా ఉన్నప్పుడు, ల్యాప్‌టాప్‌ను గట్టి బండ మీద పెట్టి ఆన్ చెయ్. ఏ ప్రోగ్రామూ తెరవకుండా పది నిమిషాలు వదిలి అంకె రాసుకో. తర్వాత వీడియో క్లాసు పెట్టి అంకెను చూస్తూ కూర్చో. అంకె ఎంతకు పోయింది అన్నదానికంటే ఎంత తొందరగా పోయింది అన్నది ముఖ్యం. షాపుల్లో చాలామంది చూడనిది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను.

వీడియో మొదలుపెట్టిన నాలుగైదు సెకన్లలోనే 50 నుంచి 90కి ఎగిరి, వీడియో ఆపగానే అంతే వేగంగా 60కి పడిపోతే, వేడి చిప్పు దగ్గరే చిక్కుకుంది. రాగి పలకకు అందడమే లేదు. అంటే పేస్ట్ ఎండిపోయింది, లేదా పలక బిగువు సడలింది. రాగి, పలకలు ఇంకా చల్లగానే ఉంటాయి, బయటికి వచ్చే గాలి కూడా చల్లగానే ఉంటుంది. చిప్పు మాత్రం ఉడుకుతుంటుంది.

అలా కాకుండా అంకె మెల్లగా పది, పదిహేను నిమిషాలు ఎక్కుతూ పోయి, వీడియో ఆపినా దిగడానికి చాలాసేపు పడితే, వేడి రాగి దాకా, పలకల దాకా మంచిగానే వస్తోంది, బయటికి పోవడం లేదు. అది గాలి సమస్య. పలకల ముందు దుమ్ము పేరుకుంది, లేదా ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు, లేదా కింది రంధ్రాలు మూసుకుపోయాయి. నువ్వు చెప్పిన అరగంట లెక్క చూస్తే నీది ఈ రెండో రకమని నా అనుమానం.

గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి కూడా చూడు. ఫ్యాన్ అరుస్తోంది కానీ గాలి సన్నగా, నీరసంగా వస్తోందంటే లోపల దుమ్ము అడ్డం ఉంది. గాలి ధారాళంగా వస్తోంది, వేడిగా లేదు, చిప్పు అంకె మాత్రం 95 ఉందంటే పేస్ట్. గాలీ లేదు, శబ్దమూ లేదు, అంకె ఎక్కుతోంది అంటే ఫ్యాన్ పోయింది, అలాంటి మిషన్‌ను ఇంకో నిమిషం కూడా నడపొద్దు.

ఇంకొక అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆరిపోయిన ప్రతిదీ వేడితోనే ఆరిపోయిందని అనుకోవద్దు. ఛార్జర్ పిన్ కదిలితే ఆరిపోతోందా? అది జాక్ సమస్య. ఛార్జర్ తీయగానే ఆరిపోతోందా? అది బ్యాటరీ. వేడితో ఆరిపోయే మిషన్‌కు ఒక గుర్తు ఉంటుంది. ఆరిపోయిన వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఈసారి ఇంకా తొందరగా, ఐదు పది నిమిషాల్లోనే ఆరిపోతుంది. గంటసేపు చల్లారనిచ్చి ఆన్ చేస్తే మళ్లీ అరగంట నడుస్తుంది. ఈ లెక్క నీ మిషన్‌కు సరిపోతే మదర్‌బోర్డు మాట అప్పటికి పక్కన పెట్టెయ్. చల్లగా ఉన్నంతసేపు అన్ని పనులూ సరిగ్గా చేసే మిషన్‌కు చిప్పును వేడిచేసి కూర్చోబెట్టడం మొదటి వైద్యం కాదు. బొమ్మే రాని వాటికో, మిగతా పరీక్షలన్నీ అయ్యాక వేరే దారి లేని వాటికో చేసే పని అది. బాగున్న బోర్డు మీద వేడిగాలి ఊదే హాట్ గన్ పెడితే పక్కనున్న చిన్న చిన్న భాగాలు పోయే ప్రమాదం ఉంది.

లోపలి దుమ్ము గురించి. వరికోత మిషన్ రేడియేటర్‌కు పొట్టు పట్టుకుంటే ఇంజన్ ఎలా కాగిపోతుందో చూసే ఉంటావు, ఇక్కడ జరిగేది కూడా సరిగ్గా అదే. ఫ్యాన్‌కూ పలకలకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఏళ్ల తరబడి ఫ్యాన్ లోపలికి లాగిన నూలు పోగులు, వెంట్రుకలు, దుబ్బ అన్నీ ఆ సందులో పలకల ముఖం మీద మందంగా పొర కడతాయి. బయటి నుంచి చూస్తే పలకలు శుభ్రంగానే కనిపిస్తాయి, ఎందుకంటే పొర లోపలి వైపు ఉంటుంది. అందుకే బయట రంధ్రంలోకి బ్లోయర్ పెట్టి ఊది పంపిన మిషన్లు నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. ఫ్యాన్ విప్పి ఆ పొరను తీస్తేనే తీసినట్టు.

దుమ్ములో కూడా రకాలు ఉన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల నుంచి వచ్చేవాటిలో సన్నటి తవుడు పొడి, జిన్నింగ్ మిల్లుల దగ్గరివాటిలో పత్తి నూగు, పాలమూరు ఊళ్ల నుంచి వచ్చేవాటిలో ఎర్ర దుబ్బ ఉంటాయి. ఇవన్నీ పొడిగా ఉంటాయి కాబట్టి బ్రష్‌కు, గాలికి పోతాయి. వంటగది పక్క గదిలోనో, దేవుడి గూటి దగ్గరో వాడే మిషన్లలో పోపు నూనె, అగరుబత్తి పొగ కలిసి దుమ్ము జిగురుగా అతుక్కుంటుంది. అది ఊదితే పోదు, పలకలను విడిగా తీసి ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగాల్సిందే. నీది ఒకే గదిలో వంట, చదువు రెండూ అయితే ఆ మాట బాగుచేసేవాళ్లకు ముందే చెప్పు.

నువ్వే విప్పుతావా, షాపుకు ఇస్తావా అన్నది నీ చేతి ఓపిక మీద ఉంటుంది. నీ మోడల్ నంబరు పేరుతో విప్పే వీడియో యూట్యూబ్‌లో దొరుకుతుంది, ముందు అది పూర్తిగా చూడు. అప్పటి మోడళ్లలో చాలావాటికి బ్యాటరీ బయటికి ఊడుతుంది, మొదట దాన్ని, ఛార్జర్‌ను తీసెయ్. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టు, మిగిలిన కరెంటు పోతుంది. బ్యాటరీ లోపల ఉండే రకమైతే మూత తీయగానే దాని కనెక్టర్ పీకడమే మొదటి పని. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించు. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది, కొన్నిసార్లు బోర్డునే గుచ్చుతుంది. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవు పక్కన దాగిన స్క్రూలు ఉంటాయి. మూత రావడం లేదంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయిందని అర్థం, బలం పెట్టకు. సందులో పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్క పెట్టి లేపాలి, ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు.

శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకునే గాలి ఊదాలి. పట్టుకోకుండా ఊదితే అది తన మామూలు వేగాన్ని దాటి తిరిగి బేరింగ్ పాడవొచ్చు. నోటితో ఊదొద్దు, లోపలికి తేమ పోతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి అస్సలు తీసుకుపోవద్దు. మన ఊళ్లలో చాలామంది చేసే పని ఇది. ఆ గాలిలో నీటి చుక్కలు, కొన్నిసార్లు నూనె కూడా ఉంటాయి, ఆ ఒత్తిడికి సన్నటి కేబుళ్లు ఊడిపోతాయి.

ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడు. హాయిగా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమన్నా, ఇరుసు మీద అటూ ఇటూ ఊగినా అది ఎక్కువ రోజులు రాదు. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, అది కొత్త ఫ్యాన్ వచ్చే దాకా చేసుకునే సర్దుబాటు మాత్రమే. కొబ్బరినూనె వేయొద్దు, చిక్కబడి దుమ్మును పట్టుకుంటుంది. కొత్త ఫ్యాన్ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్తే చాలదు, పాత ఫ్యాన్ మీది స్టిక్కర్‌లో ఉన్న నంబరూ, వైరు కొసన ఎన్ని పిన్నులున్నాయో చూసి చెప్పాలి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ఫ్యాన్లు వస్తాయి. మన దగ్గర దొరక్కపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగించు, పాత మోడళ్ల విడిభాగాలకు ఆ చోటు పేరున్నది.

పేస్ట్ మార్చడం మొదటిసారి చేసేవాళ్లకు కొంచెం కష్టం, అయినా ఎలా చేయాలో తెలిసి ఉంటే షాపులో పక్కన నిలబడి చూడగలుగుతావు. రాగి పలక స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించాలి. విప్పేటప్పుడు వెనకనుంచి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోతే చిప్పు అంచు విరగవచ్చు. ల్యాప్‌టాప్ చిప్పు మీద డెస్క్‌టాప్ ప్రాసెసర్ లాగా లోహపు మూత ఉండదు, గాజులాంటి సిలికాన్ ముక్క నేరుగా పైకే ఉంటుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. కరోనా కాలం నుంచి అందరి ఇళ్లలో శానిటైజర్ ఉంది కదా అని దాంతో తుడవొద్దు, అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది జిడ్డుగా మిగిలిపోతుంది. పేస్ట్ బియ్యపు గింజంత చాలు, చిప్పు ముఖమంతా సన్నగా పరుచుకోవాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడదు, పేస్ట్ మందంగా ఉంటే అదే అడ్డం అవుతుంది. కొన్ని చిప్పుల మీద పేస్ట్ కాకుండా మెత్తటి రబ్బరు లాంటి థర్మల్ ప్యాడ్ ముక్కలు ఉంటాయి. అవి ఉన్నచోట ప్యాడే ఉండాలి, పేస్ట్ రాస్తే సందు నిండదు. ప్యాడ్ చిరిగితే అదే మందం ఉన్నది తెచ్చి పెట్టించు.

పేస్ట్ సంగతిలో గట్టిగా ఉండు. లూజుగా చిన్న పొట్లాల్లో వచ్చే తెల్ల పేస్ట్ చవక, కానీ మన ఎండలకు కొద్ది నెలల్లోనే గట్టిపడి పొడి అయిపోతుంది. పేరున్న కంపెనీ సిరంజి, ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటిది, నువ్వే కొనుక్కుని పో. ఒక సిరంజి చాలాసార్లకు వస్తుంది. ద్రవ లోహం అని ఇంకొకటి అమ్ముతారు, అది నీకు వద్దు. అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక చుక్క బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. శుభ్రం చేసి పేస్ట్ మార్చే పని వందల్లో అయిపోయే పని, వేలల్లో అడిగితే ఇంకో షాపు చూడు. ఇచ్చే ముందు ఫ్యాన్ విప్పి తీస్తారా అని అడుగు. పని అయ్యాక అక్కడే వీడియో పెట్టి పదిహేను నిమిషాలు అంకె చూసుకునే డబ్బులివ్వు. మంచిగా పని చేసే మనిషి దానికి కోపం తెచ్చుకోడు.

దారి శుభ్రమయ్యాక పుట్టే వేడిని కూడా తగ్గించుకోవచ్చు, అది పూర్తిగా నీ చేతిలో పని, పైసా ఖర్చు లేదు. నీ ప్రాసెసర్‌కు టర్బో అని ఒక గుణం ఉంటుంది. ఉదాహరణకు ఐ5-4210యూ అనే చిప్పు మామూలు వేగం 1.7 గిగాహెర్ట్జ్, అవసరమైతే 2.7 దాకా పోతుంది. ఆ పై వేగంలోనే వేడి బాగా పుడుతుంది. వీడియో క్లాసు చూడడానికి, పీడీఎఫ్ చదవడానికి అంత వేగం అక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు పోయి, నీ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అన్నచోట 100 తీసి 99 పెట్టు. ఒక్క అంకె తేడాతో టర్బో ఆగిపోతుంది. వేడి దిగడం నీకే తెలుస్తుంది. అక్కడే కూలింగ్ పాలసీ యాక్టివ్ అని ఉందో లేదో కూడా చూసుకో.

రెండోది యూట్యూబ్. నువ్వు చూసే క్లాసులు ఎక్కువగా అందులోనే కాబట్టి ఇది నీకు బాగా పనికొస్తుంది. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో కుదించి పంపుతుంది. వీపీ9ను విప్పే సొంత ఏర్పాటు ఇంటెల్ చిప్పుల్లో పూర్తిగా వచ్చింది ఏడో తరం నుంచే. నీ నాలుగో తరం చిప్పు ఆ పనిలో చాలామటుకు మామూలు లెక్కల బలంతో చేయాలి, అందుకే ఒక్క వీడియోకే అంత కాగుతోంది. హెచ్.264 అనే పాత పద్ధతిని మాత్రం నీ చిప్పు సులువుగా విప్పగలదు. హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే యూట్యూబ్ ఆ పాత పద్ధతిలోనే పంపుతుంది. నాణ్యత 480 పెట్టుకో, బోర్డు మీద అక్షరాలు కనిపించకపోతే 720. కోచింగ్ యాప్‌లో క్లాసు దించుకునే వీలుంటే దించుకుని చూడు.

మూడోది, ఏమీ తెరవకుండా టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ శాతం చూడు. ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత కూడా ఏ పనీ లేకుండా 30, 40 శాతం చూపిస్తుంటే లోపల ఏదో నడుస్తోంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఉంటే ఒకటి తీసెయ్. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లతో పాటు కొన్నిసార్లు మన కరెంటుతో వేరేవాళ్లకు క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రాములు దూరి ఉంటాయి, అవి మిషన్‌ను రాత్రీ పగలూ కాల్చుతాయి. అలాంటిది అనుమానమొస్తే విండోస్ మళ్లీ శుభ్రంగా వేయించడమే మేలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నీ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. కాబట్టి మళ్లీ వేయించేటప్పుడు విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ మింట్ గురించి ఆలోచించు. క్లాసులు, పీడీఎఫ్‌లు, దరఖాస్తులు నింపడం అన్నీ బ్రౌజర్‌లో జరిగే పనులే, వాటికి బాగా సరిపోతుంది.

హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, పెట్టించమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. మంచి మాటే, మిషన్ చాలా చురుగ్గా అవుతుంది, కానీ అది వేడికి మందు కాదు. డబ్బులు కొన్నే ఉంటే ముందు శుభ్రం, పేస్ట్. తర్వాత ఎస్ఎస్‌డీ. ర్యామ్ చివరికి, కొంటే డీడీఆర్3ఎల్ అని ఉన్నదే కొను.

ఎక్కడ పెట్టి వాడుతున్నావు అన్నది కూడా చూసుకో. పరుపు మీద, బొంత మీద, ఒడిలో పెట్టుకుంటే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఇళ్లలో షాబాద్ బండలు ఉంటాయి కదా, తుడిచిన బండ మీదో, చెక్క పీట మీదో పెట్టుకో. వెనక కాళ్ల కింద రెండు నీళ్ల సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తు చెయ్, కింద నుంచి గాలి దొరుకుతుంది. కూలింగ్ ప్యాడ్ చేసే పనిలో సగం ఆ రెండు మూతలు చేస్తాయి. శుభ్రం చేయించాక కూడా మధ్యాహ్నాలు ఇబ్బంది పెడితే అప్పుడు ప్యాడ్ కొను, అది కూడా నీ ల్యాప్‌టాప్ గాలి పీల్చే రంధ్రాలు అడుగున ఉంటేనే. కొన్నిటికి కీబోర్డు సందుల నుంచి పీల్చే ఏర్పాటు ఉంటుంది, వాటికి ప్యాడ్ దాదాపు వృథా.

కూలర్ ఉంటే దాని గాలి గదికి తగలనివ్వు, ల్యాప్‌టాప్‌కు ఎదురుగా పెట్టకు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకోవడం నువ్వే చూసి ఉంటావు. ఆ నీటి తుంపర్లు బోర్డు మీద పడితే అదే ఉప్పు అక్కడా పేరుకుని తుప్పు పట్టిస్తుంది. తడిగుడ్డ కింద పెట్టడం, ఐస్ సంచి పెట్టడం, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయడం, ఇవేవీ చేయకు. చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీళ్లై దిగుతుంది, వేడి చంపని మిషన్‌ను ఆ నీళ్లు చంపుతాయి. క్లాసులను పొద్దున, రాత్రి పూటకు జరుపుకో. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పుస్తకం చదువుకో, నోట్సు రాసుకో.

బ్యాటరీ ఒక్కటి పైలంగా చూడు, ఇది అన్నిటికంటే ముఖ్యం. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఏళ్ల తరబడి వేడి మిషన్‌లో, ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఉంచితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. ల్యాప్‌టాప్‌ను బండ మీద పెట్టి చూడు, నాలుగు కాళ్లూ ఆనకుండా ఊగుతోందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, నొక్కితే క్లిక్ రావడం లేదా? వీటిలో ఏది కనిపించినా ఛార్జింగ్ ఆపెయ్, బ్యాటరీ తీయించెయ్. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, మామూలు చెత్తలో పడేయొద్దు, అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. షాపువాళ్లకు అప్పగించు. బ్యాటరీ ఊడే మోడల్ అయితే అది లేకుండా ఛార్జర్ మీదే నడుపుకోవచ్చు, కాకపోతే కరెంటు పోగానే ఆరిపోతుంది. బ్యాటరీ బాగున్నా సరే, నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్ పెట్టి పరుపు పక్కన వదలొద్దు. ఎండలో బండి డిక్కీలో, ఆపి ఉంచిన కారులో కూడా వదలొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా, అంటే దుమ్ము తీసి, మంచి పేస్ట్ వేసి, ఫ్యాన్ మంచిగా తిరుగుతూ, చిప్పు 80 లోపు ఉన్నప్పుడే ఆరిపోతుంటే, అప్పుడు మాత్రం బోర్డు మీద కరెంటు ఇచ్చే భాగాల్లో లోపం ఉండొచ్చు. ఆ రిపేరు ఖర్చు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే పెట్టకు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఎనిమిదో తరం లేదా తర్వాతిది, ఆఫీసుల నుంచి వచ్చిన వాడినది చూసుకో. కొనే ముందు దానికి కూడా ఇదే వీడియో పరీక్ష, ఇదే అంకెల లెక్క.

రేపు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి నాలుగు విషయాలు రాయి: ఏమీ తెరవనప్పటి అంకె, వీడియో పెట్టిన పది సెకన్లకు అంకె, పదిహేను నిమిషాలకు అంకె, పక్క నుంచి వచ్చే గాలి ఎలా ఉందో. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు కూడా రాయి, ఫ్యాన్ దాకా పోవాలంటే ఎన్ని భాగాలు విప్పాలో చూసి, నువ్వే చేసుకోగలిగేదా, షాపుకు ఇవ్వాల్సిందా చెప్తాను.